తాత్కాలిక మెడ

నవంబరు ఎనిమిదో తేదీ శుక్రవారం ఉదయం తొమ్మిదీ పదికి సుభాషిణి మరణించింది; ఆమె చూపు మాత్రం బైనాక్యులర్‌లో ఉండిపోయి, నిబంధనల ప్రకారం తొమ్మిదీ పదకొండు నుంచి యథావిధిగా డ్యూటీలో కొనసాగింది. ఆస్పత్రివాళ్ళు ఆమె వస్తువులను ఒక తెల్లని సంచిలో వేసి, భర్త కోదండపాణి చేత సంతకం పెట్టించుకున్నారు. సంచిలో చేతి గడియారం, నాలుగు జడపిన్నులు, కళ్ళజోడు పెట్టె, బైనాక్యులర్ ఉన్నాయి. బైనాక్యులర్ పట్టీని విప్పకుండా తల మీదుగా జాగ్రత్తగా తీశామని నర్సు చెప్పింది. కోదండపాణి జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల మాస్టారు. జాబితాను రెండుసార్లు సరిచూసుకుని, ఏదీ తక్కువ కాలేదని సంతకం చేశాడు.

తుమ్మలమడుగులో ఇలా జరగడం కొత్త కాదు. ఊరి తూర్పున ఉన్న ఉప్పునీటి మడుగుకు ఏటా కార్తీకంలో పక్షులు వస్తాయి. వాటికోసం పక్షుల హాజరు కార్యాలయం ఉంది. నమోదిత చూపరి కళ్ళకు అమర్చిన బైనాక్యులర్ ఏది చూస్తే అది అదే నిమిషంలో ఆ కార్యాలయంలోని పెద్ద పుస్తకంలో పడుతుంది. ఎవరూ రాయరు. అటెండరు ఉదయం పుస్తకం తెరిచి పెడతాడు, సాయంత్రం సిరా ఆరాక మూసి బీరువాలో పెడతాడు. ఏడాదిలో ఒక్కసారైనా చూపరి కంట పడని పక్షిని మార్చి ముప్పై ఒకటిన కొట్టేస్తారు. కొట్టేసిన పక్షి మళ్ళీ మడుగుకు రాకూడదు. ఇంతవరకు ఏ పక్షీ ఈ నిబంధనను మీరలేదు. పింఛనుదార్లు ఏటా తాము బతికే ఉన్నామని కాగితం ఇచ్చుకునే ఊరు కనుక, పక్షులకు కూడా అలాంటి ఏర్పాటు ఉండడం ఎవరికీ వింతగా తోచలేదు.

సుభాషిణి పదకొండేళ్ళు నమోదిత చూపరిగా పనిచేసింది. ఆమెకు ఇచ్చినది విదేశీ బైనాక్యులర్. గాజు విషయంలో దానికి వంక పెట్టడానికి లేదు. సంధ్యవేళ కూడా ఉల్లంకి పిట్ట ముక్కు మీది బురద చుక్కను చూపించేది. పట్టీ సంగతి వేరు. ఎనిమిది వందల నలభై గ్రాముల బరువును మోయడానికి చేసిన ఆ పట్టీ, దళసరి కోట్లు వేసుకునే చలిదేశం మనుషుల మెడల కోసం తయారైనది. ఈ ఊరి ఎండలో దాని రబ్బరు మెత్త కింద చెమట నిలిచి పొక్కులు లేచేవి. రెండు ప్లాస్టిక్ బకిళ్ళు సరిగ్గా మెడ కింది కంటె ఎముకల మీద కూర్చునేవి. ఎడమ బకిల్ నడిచిన కొద్దీ జారి, సాయంత్రానికి పట్టీ ఆ వైపు వేలెడు వదులయ్యేది. జడ దాని కింద ఇరుక్కునేది. పుస్తెల గొలుసు దానికి మెలిపడేది. కంటి గాజులు తడవకుండా పట్టీకి గుచ్చి ఉన్న వాన మూత అడుగడుగుకీ గడ్డానికి కొట్టుకునేది. ముందు గాజుల మూతలు కింద వేలాడుతూ, ఎవరో నెమ్మదిగా చప్పట్లు కొడుతున్నట్టు మోగేవి.

మొదటి ఏడాది ఆమె రెండు ఫిర్యాదులు రాసింది. పట్టీ నిర్దేశించిన కొలతల ప్రకారమే ఉందని, మెడను ఒకసారి పరీక్ష చేయించుకోవడం మంచిదని జవాబు వచ్చింది. తర్వాత ఆమె ఫిర్యాదులు మానేసి, లేతాకుపచ్చ నూలు చీర ఒకటి చింపి మెత్తకు తొడుగు కుట్టుకుంది. ఎడమ బకిల్ జారకుండా నల్లదారంతో ముడి వేసింది. అప్పటినుంచి పట్టీ కుడి ఎడమలు రెండూ ఇరవై ఏడేసి సెంటీమీటర్లు. ఆమె కుడికంటి చూపు ఎడమకంటి కన్నా తక్కువ. అందుకని కుడి కన్ను ఆనే చోట ఉండే రింగు మైనస్ ఒకటిన్నర దగ్గర ఆగి ఉండేది. ఈ మూడు అంకెలూ కదలనంత కాలం ఆ బైనాక్యులర్‌లో ఉన్నది ఆమె చూపే.

పొరపాటు పెద్దకర్మ రోజున జరిగింది. ఫొటోకు తెచ్చిన పూలదండ పొట్టిదై, పటానికి పట్టలేదు. సుభాషిణి చెల్లెలు అరుంధతి గూడూరులో బట్టలు కుడుతుంది. అక్క పోయినప్పటినుంచి ఇక్కడే ఉంది. ఆమె దండను పక్కన పెట్టి, సంచిలోంచి బైనాక్యులర్ తీసింది.

"పూలైతే మధ్యాన్నానికే వాడిపోతాయి బావా. ఇది లేకుండా అక్కని ఎప్పుడన్నా చూశామా మనం? ఇదే వెయ్యి."

కోదండపాణికి అందులో తప్పేమీ కనిపించలేదు. పోయినవారికి ఇష్టమైన వస్తువును పటం దగ్గర ఉంచడం ఆ ఇళ్ళలో ఉన్నదే. పట్టీని పటం మీదుగా దండలాగా వేశాడు. ఫొటో ముందుగది గోడకు ఉంది. ఎదురుగా కిటికీ, కిటికీ అవతల రోడ్డు, రోడ్డు అవతల మడుగు. చుట్టాలు భోజనాలు చేసి వెళ్ళారు. ఏ గాజు ఎటు చూస్తోందో ఎవరూ పట్టించుకోలేదు.

మర్నాడు పట్టీల పరిశీలకుడు మస్తానయ్య వచ్చాడు. చేతిలో టేపు, చంకలో ఫైలు.

"చూపరి పోతే సామాను వాపసు తీసకపోవాల సార్. రూలు. యాడుండాది?"

కోదండపాణి గోడవైపు చూపించాడు. మస్తానయ్య చూసి, ఒకడుగు వెనక్కి వేసి, చెప్పులు గుమ్మం బయట విడిచి మళ్ళీ వచ్చాడు.

"తగిలించుకోనుండారే!"

"ఎవరు?"

"ఎవరేంది సార్, మేడమే. మెళ్ళో ఉంటే డ్యూటీలో ఉన్నట్టు. డ్యూటీలో ఉండే మనిషి మెళ్ళోంచి లాక్కునే పవర్ నాకు లేదు."

"అది ఫొటో, మస్తానయ్యా."

"ఫొటోనే. మెడ ఉండాది గదా."

అతను స్టూలెక్కి టేపుతో కొలిచాడు. ఎడమ ఇరవై ఏడు, కుడి ఇరవై ఏడు. నల్లదారం ముడి ఒకటి. ముడి దగ్గర ఆగి, కళ్ళజోడు పైకెత్తి, కోదండపాణిని తేరిపార చూశాడు.

"ఈ ముడి మేడమ్ ఏసిందేనా, తర్వాత మీరేసిందా?"

"ఆమె వేసిందే."

"సాక్షి?"

"మెళ్ళో వేసుకున్నావిడే సాక్షి, అడుక్కో," అంది అరుంధతి వంటింటి గుమ్మంలోంచి. మస్తానయ్య దాన్ని కూడా ఫైల్లో రాసుకున్నాడు. రింగు తిరిగినా, పట్టీ పొడుగు మారినా చూపు పోతుందనీ, పోయిన చూపును తిరిగి రప్పించే విధానం ఏదీ లేదనీ, అప్పుడు మేడమ్‌ని విధుల నుంచి తప్పించినట్టు అవుతుందనీ చెప్పాడు. తాకిన వారి మీద విచారణ ఉంటుందన్నాడు.

"అయితే ఇప్పుడు మా అక్క ఉన్నట్టా, లేనట్టా?" అని అడిగింది అరుంధతి.

"డ్యూటీలో ఉండారమ్మా. ఉండేదీ లేనిదీ మా ఆఫీసు చూడదు."

ఆ వారంలోనే కోదండపాణి మరణ ధ్రువపత్రం కోసం పంచాయతీ ఆఫీసుకు వెళ్ళాడు. గుమస్తా కంప్యూటర్‌లో చూసి, డ్యూటీలో ఉన్నవారికి ఇవ్వడం కుదరదన్నాడు. కోదండపాణి వాదించలేదు. నిజానికి అతనికి ఒకరకంగా ఊరట కలిగింది. గోడ మీద మూడు అంకెలు ఉన్నాయి. వాటిని కాపాడుకోవడమే ఇక తన పని అనుకున్నాడు.

రోజూ తెల్లవారగానే బడి స్కేలుతో పట్టీని కొలిచి నోటుపుస్తకంలో రాసేవాడు. నాలుగో రోజు ఎడమ వైపు ఇరవై ఆరు పాయింటు ఎనిమిది వచ్చింది. మళ్ళీ కొలిచాడు. అదే వచ్చింది. అరుంధతి కాఫీ తెచ్చి బల్ల మీద పెట్టింది.

"నువ్వు దాన్ని ముట్టుకున్నావా?"

"దుమ్ము తుడిచా."

"రెండు మిల్లీమీటర్లు తగ్గింది."

"మంచుకి గుడ్డ బిగిసుంటది. పాత చీర ముక్క గదా. పోనీ నీ స్కేలు అరిగిందేమో చూసుకో."

"స్కేలు కొత్తది."

"అయితే చెయ్యి వణికుంటది." ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంది. "కళ్ళకి పెట్టుకుని చూశాననేగా నీ అనుమానం? పెట్టుకోలా. పెట్టుకుందామని మాత్రం అనిపించింది. నువ్వు తెల్లారకముందే దాని పక్కన కుర్చీ ఏసుకుని కూర్చుంటావే, అదెందుకని నేనేమన్నా అడిగానా?"

అతను ఇంకోసారి కొలిచి నోటుపుస్తకంలో రాసుకున్నాడు. మర్నాటినుంచి పటం కింద నేల మీద పల్చగా సుద్దపొడి చల్లడం మొదలుపెట్టాడు. ఎవరు దగ్గరికి వచ్చినా అడుగులు పడతాయి. మూడు ఉదయాలు పరీక్షించాడు. మూడు ఉదయాలూ ఒకే మనిషి అడుగులు కనిపించాయి, అవి అతనివే. ఆ మనిషిని కూడా పూర్తిగా నమ్మడానికి లేదని నోటుపుస్తకంలో రాసుకున్నాడు.

డిసెంబరు మూడో వారంలో కార్యాలయం నుంచి పిలుపు వచ్చింది. సూపరింటెండెంటు శేషరత్నం పెద్ద పుస్తకాన్ని అతనివైపు తిప్పి పెట్టింది. సంచిలో గడిచిన రోజులు తప్పిస్తే, నవంబరు చివరిదాకా సుభాషిణి పేజీలు బాగానే ఉన్నాయి. గూడబాతులు, తెడ్డుమూతి కొంగలు, నత్తగుల్ల కొంగలు, దూరాన రాజహంసలు. కిటికీలోంచి చూసిన లెక్క కనుక రోడ్డు మీది లారీలు కూడా అక్కడక్కడ పడ్డాయి. వాటిని ఎర్రసిరాతో కొట్టేశారు. డిసెంబరు రెండు తర్వాత ఒక్క పక్షి కూడా లేదు.

"చదవండి," అంది శేషరత్నం.

కోదండపాణి చదివాడు.

"డిసెంబరు మూడు. ఉదయం ఆరు ఇరవై. ఒకటి. మగ. పెద్దది. తల మీద బూడిదరంగు. కుర్చీలో ఉంది. కదలిక లేదు."

"ఏడు యాభై. అదే. కాఫీ ముందు ఉంది. తాగలేదు."

"డిసెంబరు నాలుగు. అదే. చొక్కా రెండో గుండీ లేదు."

"డిసెంబరు ఆరు. స్కేలుతో బాగా దగ్గరికి వచ్చింది. మనుషులంటే బెదురు లేదు. నోరు కదిలింది. కూత వినబడలేదు."

పటం ఒకే మేకుకు వేలాడుతోంది. ఎనిమిది వందల నలభై గ్రాముల బరువుకు మేకు కొద్దికొద్దిగా వంగి, పటం కిటికీ వైపు నుంచి అతను కూర్చునే భోజనాల బల్ల వైపుకు తిరిగింది. రోజూ పట్టీని కొలిచాడే కానీ, పటం ఎటు తిరిగిందో కొలవాలని అతనికి తోచలేదు.

"ఇది ఏ పక్షి మాస్టారూ?"

"నేనేనండి."

"పేరు అడగలేదు. స్థానికమా, వలసా?"

కోదండపాణి ఆలోచించాడు. ఉదయగిరిలో పుట్టి, ఉద్యోగం మీద ఇరవై ఎనిమిదేళ్ళ కిందట ఈ ఊరు వచ్చాడు. "వలస వచ్చి ఉండిపోయానండి," అన్నాడు.

"గూడు?"

"అద్దె ఇల్లు."

"జంట?"

అతను పుస్తకంలోకి చూశాడు. పక్కన కూర్చున్న గుమస్తా "ఒంటరి" అని రాసి, చూపరి డ్యూటీలోనే ఉందని గుర్తొచ్చి దాన్ని కొట్టేసి, ప్రశ్నార్థకం పెట్టాడు.

"పటాన్ని ఎవరు తిప్పారు?" అని అడిగింది శేషరత్నం.

"ఎవరూ తిప్పలేదండి. మేకు వంగింది."

"మీరు తిప్పారని మేం అనడంలేదు. మీవైపే తిరిగిందని మాత్రం అంటున్నాం."

ఆమె గొంతులో కోపం లేదు. ఆ కార్యాలయంలో అందరూ అలాగే మాట్లాడతారు. కోదండపాణి అనుమతి అడిగి ఆ పేజీలు ఇంకోసారి చదివాడు. కాపీ ఇస్తారా అని అడిగాడు. ఇవ్వరు. డిసెంబరు తొమ్మిదో తేదీ వరుస దగ్గర అతని వేలు ఆగింది. "ఎనిమిది పది. రెండు ఇడ్లీలు తింది. కాస్త నయం."

"అదొకటి," అంది శేషరత్నం. "నయం, నష్టం అని రాసే అధికారం చూపరికి లేదు. సంఖ్య, సమయం, చేష్ట, అంతే. ఇన్నేళ్ళ సర్వీసులో ఆవిడ ఇట్లా ఎప్పుడూ రాయలేదు. మెమో ఇస్తున్నాం. ఫొటో కింద అంటించండి."

అతను మెమో అందుకున్నాడు.

"ఇంకో మాట. ఇట్లాగే సాగితే మార్చి ముప్పై ఒకటికి ఆవిడ వంతు లెక్కలో మిగిలేది మీరొక్కరే."

అలా జరగకుండా ఉండాలంటే రెండు దారులున్నాయని ఆమె వివరించింది. కొత్త చూపరిని నియమించడం మొదటిది. అలా చేస్తే బైనాక్యులర్‌ను కొత్త కళ్ళకు అమర్చాలి, అంటే రింగు తిప్పాలి. రెండోది, ఇప్పుడున్న చూపరినే రోజూ మడుగు కట్ట మీదికి తీసుకెళ్ళడం. పటాన్ని కట్ట మీద నిలబెట్టడం గాలికి కుదరదు. అందుకని కుటుంబంలో ఒకరి మెడ కావాలి. ఆ పోస్టును తాత్కాలిక మెడ అంటారు. పని వేళలు ఉదయం ఆరు నుంచి ఎనిమిదిన్నర వరకు. మెడ నిటారుగా ఉండాలి, పట్టీ పొడుగు మార్చకూడదు, బైనాక్యులర్‌లోంచి చూడకూడదు.

"చూడకూడదా?" అన్నాడు కోదండపాణి.

"మెడకు చూపుతో పని లేదు కదండీ."

అతను అక్కడే సంతకం చేశాడు. రింగు తిప్పనవసరం లేని దారి అదొక్కటే.

పట్టీని పటం మీది నుంచి తీసి అతని తల మీదుగా దించడానికి అరుంధతి సాయం చేసింది. సుభాషిణి తలకు సరిపోయిన కొలత అది. అతని తల పెద్దది. రెండు చెవులూ మడిచి, ముక్కును పక్కకు నొక్కితే గానీ దిగలేదు. దిగాక బైనాక్యులర్ గుండె దాకా రాకుండా గడ్డం కిందే ఆగిపోయింది. బకిళ్ళు కంటె ఎముకల మీద కూర్చున్నాయి. తల వంచితే వాన మూత గడ్డానికి తగిలింది. తన కాళ్ళు తనకు కనిపించలేదు. చెప్పులు వేసుకోవడానికి వంగితే బరువంతా ముందుకు ఊగి మోకాలికి కొట్టుకుంది. సైకిలెక్కితే హ్యాండిల్‌కి తగిలింది. నడుస్తుంటే మూతలు చప్పుడు చేశాయి. మొదటి రోజు ఇంటికి వచ్చేసరికి లేతాకుపచ్చ గుడ్డ కింద మెడ ఎర్రబడి పొక్కులు లేచాయి.

ఇవన్నీ ఆమె అతనికి చెప్పినవే. వారానికి ఒకసారైనా చెప్పేది. "గాజు మంచిదే కదా" అని అతను పదకొండేళ్ళు జవాబిచ్చాడు.

కట్ట మీద అతను ఒక్కడే లేడు. తుమ్మ చెట్ల వరుస పక్కన ఐదేసి అడుగుల దూరంలో పదకొండు మంది నిలబడి ఉన్నారు. అందరి మెడల్లోనూ బైనాక్యులర్లు ఉన్నాయి. ఒక్కరూ వాటిలోంచి చూడడంలేదు. ఒకాయన వేపపుల్ల నములుతున్నాడు. ఒకామె కళ్ళు మూసుకుని ఉంది. గాజులు మాత్రం అన్నీ నీటివైపే ఉన్నాయి. పక్కన నిలబడ్డ పెంచలమ్మకు అరవై దాటి ఉంటాయి. ఆమె అతని మెడవైపు ఓరగా చూసింది.

"కొత్తా? పుండు పడేదాకా కొబ్బరినూనె రాయి నాయనా. పడినాక ఏమీ రాయబాక."

"మీరు ఎన్నాళ్ళనుంచి, అమ్మా?"

"పంతొమ్మిదేళ్ళు. మా తమ్ముడిది."

"తాత్కాలికమనే కదా?"

"ఊఁ. తాత్కాలికమే."

"మరి బతికున్న చూపరులు ఎటువైపు నిలబడతారు?"

పెంచలమ్మ ఆ మూలనుంచి ఈ మూలకు కట్టనంతా ఒకసారి చూసి, "మీ ఇంటామె ఒక్కతే ఉండె," అంది.

ఆ సంగతి కోదండపాణికి అప్పటిదాకా తెలియదు. తర్వాత మస్తానయ్య దాన్ని రహస్యమేమీ కాదన్నట్టు చెప్పాడు. పోయిన చూపరుల లెక్కల్లో తప్పులు తక్కువట. సెలవులు అడగరు. పట్టీ గురించి రాయరు. ఫిర్యాదులు రాయాల్సింది మెడలే కానీ, మెడలకు ఫిర్యాదు ఫారం లేదు. కార్యాలయం పదకొండేళ్ళలో కొత్త చూపరిని తీసుకోకపోవడానికి అంతకుమించి కారణం లేదన్నాడు.

"మెడ ఎత్తండి సార్," అన్నాడు వెళ్తూ. "మేడమ్ నేలని చూస్తండారు. నిన్న పుస్తకం నిండా నత్తగుల్లలూ, మీ ఎడమ చెప్పూనూ."

కోదండపాణి మెడ ఎత్తాడు. నెలాఖరుకు లెక్క కుదుటపడింది. గూడబాతులు నాలుగు వందల పన్నెండు, తెడ్డుమూతి కొంగలు అరవై ఆరు. ఆదివారాలు కార్యాలయానికి వెళ్ళి పేజీలు చూసి వచ్చేవాడు. ఆమె అక్షరాల పొందిక చెడలేదు. కాకపోతే ఇప్పుడు ఆ పేజీల్లో పక్షులు తప్ప ఏమీ లేవు. గాజు బయటికి చూస్తోంది, అతను గాజు వెనక ఉన్నాడు. తిన్నాడో లేదో, గుండీ కుట్టించుకున్నాడో లేదో రాసేవారు లేరు. డిసెంబరు పేజీలను మళ్ళీ చూపించమని ఒకసారి అడిగాడు. పక్షులు లేని పేజీలు కనుక వాటిని చింపేశామని గుమస్తా చెప్పాడు. కోదండపాణికి అతని మాట మీద అనుమానం కలిగింది. గుమస్తాకు కోదండపాణి అడగడం మీద అనుమానం కలిగింది. ఇద్దరూ నమస్కారాలు చేసుకున్నారు.

జనవరి పందొమ్మిదిన కట్ట మీద పొగమంచు దట్టంగా ఉంది. పక్కన ఉన్న పెంచలమ్మ కూడా కనిపించలేదు. కోదండపాణి తన కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకుని, బైనాక్యులర్‌ను పైకెత్తి కళ్ళకు ఆనించాడు. పట్టీ పొట్టిది కనుక ఎత్తడానికి పెద్ద శ్రమ కాలేదు. ఆమె కళ్ళ మధ్య దూరం అతని కళ్ళ మధ్య దూరం కన్నా తక్కువ. రెండు గుండ్రాలు ఒకటిగా కలవలేదు. ఎడమ గుండ్రంలో నీళ్ళూ, ఒక కర్రా, దాని మీద ఏదో చిన్న పిట్టా ఉన్నట్టు తోచింది. కుడి గుండ్రంలో ఏమీ లేదు. రింగును కొద్దిగా తిప్పితే కనిపించేది. వేలు రింగు మీద పడింది కూడా. కాసేపు ఆ వేలును అక్కడే ఉంచి, తర్వాత తీసేశాడు.

రెండు రోజులకు శేషరత్నం పిలిపించింది. పుస్తకంలో ఒక వరుస కింద ఎర్రసిరా గీత ఉంది.

"జనవరి పందొమ్మిది. ఆరు నలభై రెండు. వెనక నుంచి వెలుతురు పోయింది. కన్ను ఒకటి, చాలా దగ్గరగా. తడిగా ఉంది. ఇదివరకు చూసినదే."

"మీరు చూశారు," అంది శేషరత్నం.

"చూశానండి."

"ఏం కనిపించింది?"

"ఏమీ కనిపించలేదు."

"మీకు కనిపించలేదు. ఆవిడకు మీరు కనిపించారు. చూసే మెడను కొనసాగించడం కష్టం మాస్టారూ. ఇక చూడనని హామీపత్రం రాయండి. లేదా చూపరిని విధుల నుంచి తప్పించమని దరఖాస్తు పెట్టండి. మంజూరైన రోజున మస్తానయ్య వస్తాడు, అతని ఎదుట మీరే రింగు తిప్పుదురుగాని. మాకు రెండూ ఒకటే."

ఆమె రెండు ఫారాలూ ఇచ్చింది. హామీపత్రాన్ని అతను అక్కడే నింపి ఇచ్చేశాడు. రెండోదాన్ని ఇంటికి తెచ్చుకున్నాడు. ఎందుకు తెచ్చుకున్నాడో తనకే తెలియలేదు. అది ఒక పేజీ కాగితం. అందులో ఎనిమిది గడులు ఉన్నాయి. పేరు, హోదా, చేరిన తేదీ, పట్టీ ఎడమ కొలత, కుడి కొలత, రింగు స్థానం, ఏ తేదీ నుంచి తప్పించాలి, కారణం.

ఫిబ్రవరిలో అరుంధతి గూడూరు వెళ్ళిపోతూ, సంచి భుజాన వేసుకున్నాక బల్ల మీది ఫారం చేతిలోకి తీసుకుని చదివింది.

"అన్నీ రాసినావే. తేదీ కూడా ఏసినావు."

"ఊఁ."

"ఇంక ఒక్కటేగా. రాసెయ్ బావా. ఒక్క మాట."

"ఏ మాట?"

ఆమె ఆ గడిని ఇంకోసారి చదివింది. ఫారాన్ని తీసిన చోటే పెట్టి, గాలికి ఎగరకుండా దాని మీద సుద్దముక్కల డబ్బా ఉంచింది. బస్సు టైమైందని చెప్పి వెళ్ళింది.

మార్చి ముప్పై ఒకటిన జాబితా ప్రకటించారు. మడుగు పక్షులు రెండువేల నూట నలభై, అన్నీ హాజరు. కొట్టివేతలు లేవు. ఏ చూపరికీ ఆ ఏడాది ఇంత మంచి లెక్క రాలేదని కార్యాలయం సుభాషిణి పేరు మీద ప్రశంసాపత్రం పంపింది. కోదండపాణి జాబితా మొత్తం చదివాడు. పక్షుల్లో అతను లేడు. అనుబంధంలో, సామాను శీర్షిక కింద, మూతలు పన్నెండు జతలు, పట్టీలు పన్నెండు, మెడలు పన్నెండు అని ఉంది. లెక్క సరిపోయింది.

అతని మెడ మీద పుండు పడి మానింది. అక్కడి చర్మం ఇప్పుడు గట్టిపడి, నొప్పి తెలియడంలేదు. పక్షులు లేని నెలల్లో కూడా మెడలు రావాలని ఉత్తర్వు ఉంది కనుక, రోజూ ఆరింటికి కట్ట మీద నిలబడుతున్నాడు. ఎనిమిదిన్నరకు ఇంటికి వచ్చి బడికి వెళ్తాడు. ఫారం బల్ల మీదే ఉంది. కారణం అన్న గడి ఇంకా నింపలేదు.